ఒకటికెంత

సమ్మె మొదలైన రెండో వారానికే మా ఆయనకి వీధిలో కొత్త పేరు వచ్చింది. అంతకు ముందు ఆయన ఇనుము చెక్కే లేతు మేస్త్రి. ఫ్యాక్టరీ గేటుకి తాళం పడ్డాక లేతు లేదు, మేస్త్రీ లేడు. 'ఒకటికెంత' మిగిలాడు.

పేరు పెట్టింది వీధి చివర దుకాణం తాత. మా ఆయన అందరిలాగా వెళ్ళి సబ్బు అడగడు. మూడు సబ్బులు కలిపి చుట్టిన కట్ట ఒక చేత్తో, విడి సబ్బు ఒక చేత్తో పట్టుకుని, అట్ట మీద చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న బరువు చదివి, కళ్ళు పైకెత్తి కాసేపు పెదాలు కదిలించి, అప్పుడు అడుగుతాడు.

"తాతా, ఇది గ్రాముకెంత పడింది?"

"గ్రాముకెంతో నాకేం తెలుసు నాయనా. సబ్బుకెంతో చెప్తాను. కొంటే కొను, లేకపోతే పక్కకి జరుగు."

"కట్ట కొంటే లాభం అని బోర్డు పెట్టావు. కట్టలో సబ్బు చిన్నది, విడిది పెద్దది. గ్రాముకి లెక్కకట్టి చూస్తే విడిదే చవక."

తాత కళ్ళజోడు తెచ్చుకుని రెండూ మార్చి మార్చి చూశాడు. "మా ఇంట్లో ఇన్నేళ్ళుగా కట్టే వాడుతున్నాం కదరా" అన్నాడు నీరసంగా. వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు చేతిలో ఉన్న కట్టల్ని చప్పుడు కాకుండా అరలో పెట్టేశారు. అది మొదలు మా ఆయన వీధి మలుపు తిరగ్గానే తాత లోపలికి కేకేసేవాడు. "ఒకటికెంత గారు వస్తున్నారు, అరలు సర్దండి."

ఆ పేరు ఆయనకి నచ్చింది. నచ్చడమే కాదు, నిలబెట్టింది. సమ్మె మొదటి రోజుల్లో పగలంతా గేటు దగ్గర టెంటులో కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఇంట్లో ఉన్న ప్రతి మేకూ ప్రతి మరా బిగించేశాడు. కిటికీ తలుపు తెరవాలంటే నేనూ అత్తయ్యా కలిసి లాగాల్సి వచ్చేది. ఈ లెక్కల పని దొరికాక మనిషి కుదుటపడ్డాడు. నూనె, బియ్యం, అగ్గిపెట్టెలు, ఏది చూసినా ముందు ఒకటికి కట్టాలి. ఏకవస్తు పద్ధతి అంటారు దీన్ని. నేను బడి మానేసే నాటికి లెక్కల పుస్తకంలో ఆ పాఠం దగ్గరే ఉన్నాను. మిగతాది మా ఆయన దగ్గర నేర్చుకున్నాను.

"ముందు ఒకటికి ఎంతో కట్టు. ఒకటి తెలిస్తే వందైనా తెలుస్తుంది. ఒకటి తెలియకుండా ఎవడేం చెప్పినా నమ్మకు" అనేవాడు.

నాకు భయం ఎక్కువ. ఇంట్లో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు. పిల్ల తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి గాలి తగిలిందాకా తీసేదాన్ని కాదు. అత్తయ్య నన్ను భయాల పుట్ట అనేది. పాపకి ఇంకా పేరు పెట్టలేదు. సమ్మె తేలాక పెడదాం అనుకుని అప్పటికి గువ్వ అని పిలుచుకునేవాళ్ళం. ఆ గువ్వకి నాలుగు నెలలు నిండేసరికే నా భయానికి ఇంట్లో విలువ పడిపోయింది. రోజుకి పదిసార్లు మోగే గంటకి ఎవరు లేచి తలుపు తీస్తారు?

జీతం ఆగాక ఎవరో ఒకరు పనికి పోక తప్పలేదు. మా ఆయనతో పనిచేసే వెల్డరు వాళ్ళు మాకు రెండిళ్ళ అవతల ఉంటారు. వెల్డరు భార్య అప్పటికే బట్టలుతికే పొడి సంచుల్లో నింపే షెడ్డులో చేరింది. నన్నూ చేర్పించింది. పొద్దున్న బయల్దేరే ముందూ, సాయంత్రం వచ్చాకా నేను పాలిచ్చేదాన్ని. మధ్యలో నాలుగు సీసాలు పొడిపాలు అత్తయ్య పట్టేది.

పొడిపాలు నీలం డబ్బాలో వచ్చేవి. సమ్మె నెల దాటేసరికి ఆ డబ్బా ధర పెరిగింది. తర్వాత తాత దుకాణంలో దొరకడమే మానేసింది. ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. చేతిలో ఖాళీ పసుపు అట్టపెట్టె.

"పెద్ద బజారు దాకా నడిచి వెళ్ళి తెచ్చాను. నీలం డబ్బా వంద గ్రాములకి ఇరవై ఆరు. ఇది పంతొమ్మిది. అక్కడితో అయిపోలేదు, ఇది చదువు."

చదివాను. అరవై మిల్లీలీటర్ల నీళ్ళకి, అంచుకి సమంగా గీసిన చెంచా ఒకటి, అని ఉంది.

"నీలం డబ్బా ముప్పైకి ఒకటి. సీసాకి నాలుగు చెంచాలు పోసేవాళ్ళం. దీనికి రెండు చాలు. పొడీ చవక, పట్టేదీ తక్కువ. ఏమంటావు?"

"రెండు చెంచాలు పిల్లకి సరిపోతాయంటారా?"

"నేనంటం కాదే. అచ్చు వేసి ఉంది."

అచ్చు వేసిన మాటకి ఎదురు చెప్పేంత చదువు నాకు లేదు. పొడి అప్పటికే నీలం డబ్బాలోకి మారిపోయింది. ఆ డబ్బా మూత గట్టిది, చీమ దూరదు. అత్తయ్య సీసా కడుగుతూ, "ఇలాంటి బేరం మీ నాన్న జన్మలో చెయ్యలేదురా" అంది కొడుకుతో. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను. ఆ నవ్వు చూసి నా భయాన్ని గొంతులోనే ఆపుకున్నాను.

మొదటి రోజుల్లో గువ్వ సీసాని వదిలేది కాదు. చివరి చుక్క అయిపోయాక కూడా రబ్బరు పీకని చప్పరిస్తూనే ఉండేది. "కొత్త పాల రుచి తగిలింది దానికి" అంది అత్తయ్య. గుడ్డలు అంతకు ముందుకన్నా ఎక్కువ తడిసేవి. "పాలు ఒంటబడుతున్నాయి" అంది. పాలు పట్టగానే పొట్ట డోలులా నిండేది, గంట తిరక్కుండా ఏడుపు అందుకునేది. అత్తయ్య భుజాన వేసుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగేది. తర్వాత కొన్నాళ్ళకి ఆ ఏడుపు కూడా తగ్గింది. ఏడవాలనుకుని, ఎందుకులే అని మానేసినట్టు, సన్నగా మొదలై ఆగిపోయేది.

"బుద్ధిమంతురాలైంది నా తల్లి. ఒక్కసారి కూడా విసిగించలేదు ఇవాళ" అని అత్తయ్య నేను రాగానే చెప్పేది, నేను సంతోషిస్తానని.

నేను సంతోషించలేదు. స్నానం చేయించేటప్పుడు చూశాను, చెడ్డీ ఎలాస్టిక్ తొడ మీద ఎప్పుడూ ఎర్రటి గీత వదిలేది. ఇప్పుడు గీత లేదు. ఎలాస్టిక్ వదులైందేమో అనుకుని కొత్తది తొడిగాను. దాని గీతా పడలేదు.

మా షెడ్డులో తూకం అక్క అని ఒకామె ఉండేది. అందరికన్నా పాత మనిషి. యంత్రం సంచిలో పొడి పోస్తుంది, మేము మూతి అతికించి తూకం వేసి పెట్టెలో పేర్చాలి. ప్రతి సంచీ తూకం వేయడానికి టైము చాలదు. పది సంచుల్లో ఒకటి కాటా మీద పెట్టి, మిగతావి చేత్తో చూసుకోవాలి. కొత్తవాళ్ళకి తూకం అక్క నేర్పేది. కళ్ళు మూసుకోమని రెండు చేతుల్లో రెండు సంచులు పెట్టేది.

"ఏది తక్కువ?"

"ఎడమది."

"చూపుకి రెండూ ఒకటేనా?"

"ఎడమదే పెద్దగా ఉందక్కా."

"అందుకే చూపుని నమ్మొద్దంటాను. సంచి ఉబ్బినంత మాత్రాన నిండినట్టు కాదు. గాలికీ ఉబ్బుతుంది, చెమ్మకీ ఉబ్బుతుంది. చెయ్యి ఏం చెప్తే అది విను. పొడి ఎక్కడికీ పోదమ్మా. సంచిలో లేదంటే యంత్రం తొట్టిలో ఉన్నట్టే."

వారం తిరిగేసరికి పది గ్రాముల తేడా నా అరచేతికి తెలిసిపోయేది. తెలియకపోతే బాగుండేదనిపించేది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గువ్వని ఉయ్యాలలోంచి ఎత్తుకున్నాను. చంకల కింద రెండు చేతులూ పెట్టి లేపగానే నా చేతులు విసురుగా పైకి లేచిపోయాయి. ఎక్కువ బరువు లేపుతానని బలం పెట్టినట్టున్నాను.

"అత్తయ్యా, పిల్ల తేలిపోతోంది."

"రోజంతా సంచులు మోసిన చేతికి పిల్ల తేలిగ్గానే ఉంటుంది. పోయి అన్నం తిను."

"కాదత్తయ్యా, నా చేతికి తెలుస్తోంది."

"ఒరేయ్, నీ పెళ్ళాం పిల్లని కూడా తూకానికి కొనేట్టుంది చూడు."

మా ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వి, నా మొహం చూసి, "టీకా రోజు ఎలాగూ తూస్తారు కదే. ఇంకెన్నాళ్ళుంది? పొడుగు సాగుతున్నప్పుడు పిల్లలు కాస్త సన్నబడతారు" అన్నాడు మెత్తగా. టీకాకి ఇంకా రెండు వారాలుంది. నేనే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్దామంటే ఒక పూట పని పోతుంది. ఒక పూట మానితే ఆ చోటులో ఇంకొకరిని పెట్టేస్తారు, గేటు బయట ఎప్పుడూ నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడే ఉంటారు. పైగా వెళ్ళి ఏం చెప్పాలి? మా పాప ఏడవడం లేదు, నాకు భయంగా ఉంది, అనా?

ఆ రోజుల్లో మా ఆయన టెంటులో అందరికీ లెక్కలు చెప్తున్నాడు. ఏ బజారులో ఏది ఒకటికెంత పడుతుందో ఆయన నోటి మీద ఉండేది. వెల్డరు వాళ్ళ బాబుకి కూడా మా గువ్వ వయసే. వాళ్ళూ ఆయన మాట మీద పసుపు పెట్టె కొన్నారు. షెడ్డుకి నడుస్తూ వెల్డరు భార్య ఒక పొద్దున్న అంది.

"మీ ఆయన చవక అన్నాడు గానీ వదినా, మాకేం కలిసిరాలేదు. ఆరో రోజుకే పెట్టె దులుపుకోవాల్సొచ్చింది. నీలం డబ్బా కూడా అన్నాళ్ళే వచ్చేది."

"మాకు మొదటి పెట్టె పదకొండు రోజులు వచ్చిందే."

"పదకొండా? ఏం మాయ చేశారు?"

ఆ మాట సాయంత్రం మా ఆయనకి చెప్పాను. "వాడి పెళ్ళాం గీసి పొయ్యదు. చెంచా మీద కొండ కట్టి పోస్తుంది. మా అమ్మ చెయ్యి చూడు, కత్తితో కోసినట్టు గీస్తుంది" అన్నాడు. అత్తయ్య మొహం వెలిగిపోయింది. మర్నాడు టెంటులో ఆ సంగతి కూడా చెప్పుకున్నాడట. ఒకటే పెట్టె, వాళ్ళకి ఆరు రోజులు, మాకు పదకొండు. పొదుపు అంటే అదీ, అని.

నాకు మాత్రం ఆ పదకొండు గొంతులో ఎముకలా అడ్డం పడింది. కొండ కట్టి పోస్తే ఒక రోజు తేడా వస్తుంది, రెండు రోజులు వస్తుంది. సగానికి సగం ఎలా వస్తుంది? ఆలోచన అక్కడిదాకా వచ్చి, ముందుకి పోవడానికి భయపడి వెనక్కి తిరిగేది. యంత్రం ముందు కూర్చుని సంచుల మూతులు అతికిస్తూ నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఆయన పనిలేక కుమిలిపోతూ ఇప్పుడిప్పుడే తల ఎత్తాడు, దాని మీద చన్నీళ్ళు పోస్తావా, నీకు భయపడటం తప్ప ఇంకో పని లేదా, అని.

ఒక మంగళవారం షెడ్డులో కరెంటు పోయింది. ఇవాళ్టికి రాదని తేలాక అందర్నీ ఇళ్ళకి పంపేశారు. నేనూ వెల్డరు భార్యా ఎండలో నడుచుకుంటూ వచ్చాం. ఇంట్లో అత్తయ్య పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. గువ్వ నిద్రపోతోంది. పగటి వెలుతురులో దాని మొహం చూసి చాలా రోజులైంది. కణతల దగ్గర చర్మం కింద నీలం నరం కనబడింది.

వంటింట్లోకి వెళ్ళాను. సీసా సిద్ధం చేద్దామని నీలం డబ్బా అందుకున్నాను. అరలోంచి తీయగానే చెయ్యి ఆగిపోయింది.

డబ్బా బరువుగా ఉంది.

రెండో పెట్టె పోసింది ముందు సోమవారం. అంటే ఎనిమిది రోజులు. పసుపు అట్ట అత్తయ్య పారెయ్యలేదు, అరలో పరిచి ఉంది. దాన్ని లాగి చదివాను. చెంచాకి తొమ్మిది గ్రాములట. ఏకవస్తు పద్ధతి. చెంచాకి తొమ్మిది, సీసాకి పద్దెనిమిది, రోజుకి నాలుగు సీసాలు. పెట్టె మొత్తం నాలుగు వందల గ్రాములు. ఆరో రోజు దాటి రాకూడదు. మళ్ళీ కట్టాను. మళ్ళీ అంతే. వెల్డరు భార్య కొండ కట్టి పోయడం లేదు. ఆమె లెక్క సరిగ్గా ఉంది. ఎనిమిదో రోజున డబ్బాలో పావు వంతుకి పైగా పొడి ఉన్నది మా ఇంట్లోనే.

పొడి ఎక్కడికీ పోదు. డబ్బాలో ఉందంటే పిల్ల కడుపులో లేదు.

అట్ట తిప్పాను. వెనకవైపు అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉంది. ఈ పెట్టెలోని చెంచాతో మాత్రమే కొలవండి.

డబ్బాలో చెంచా తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెల్డరు ఇంటికి నడిచాను. ఆమె గడపలో కూర్చుని బాబుకి పాలు పడుతోంది. బాబు మెడ మీద మడతల్లో చెమట నిలిచి ఉంది.

"వదినా, మీ పాల చెంచా ఒకసారి ఇస్తావా?"

"పొయ్యి పక్కన పెట్టెలో ఉంది, తీసుకో. ఏమైంది నీకు, అలా ఉన్నావు?"

వాళ్ళ చెంచా తీశాను. అదే తెలుపు, అదే పొడుగు కాడ. మా చెంచాని దానిలో పెట్టాను. చిన్న గిన్నె పెద్ద గిన్నెలో కూర్చున్నట్టు కూర్చుంది. చుట్టూ ఇంకా చోటు మిగిలింది. కాస్త కదిపితే టకటకమంది.

"మాది నీలం డబ్బా చెంచా" అన్నాను.

ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పాలు తాగుతున్న బాబుని గుండెకి దగ్గరగా లాక్కుంది. నేను ఆమె చెంచా ఆమెకిచ్చి వచ్చేశాను.

పెరట్లోంచి అత్తయ్యని పిలిచాను. "పసుపు పెట్టెలో చెంచా ఒకటి రావాలి. ఏం చేశారు?"

"అదా? మొన్న పెట్టెలోది ఇసకలో ఆడుకోడానికి పక్కింటి పిల్లలడిగితే ఇచ్చేశాను. మొదటిది ఉప్పు డబ్బాలో వేశాను కదమ్మా. పెద్దగా ఉంది, చేతికి బావుంది. రోజూ నువ్వే వాడుతున్నావుగా."

అవును, రోజూ నేనే వాడుతున్నాను. ఉప్పు డబ్బాలోకి కొత్త చెంచా వచ్చిందని ముచ్చటపడ్డాను కూడా. తీసి కడిగి తుడిచి, రెండు చెంచాలూ పక్కపక్కన పెట్టి అత్తయ్యకి చూపించాను. ఆవిడ తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వంగి చూసింది. చిన్నదాన్ని వేలితో ముట్టుకుంది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుంది.

"నా చేత్తోనే పట్టానమ్మా" అంది. "గీసి గీసి పట్టాను."

ఓదార్చడానికి నాకు ఆగే ఓపిక లేదు. గువ్వని తువ్వాలులో చుట్టి, రెండు చెంచాలూ గుప్పిట్లో పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి బయల్దేరాను. ఆ దారి ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే పోతుంది. టెంటులో ఎవరో, "ఒకటికెంతా, మీవాళ్ళు ఎక్కడికో పోతున్నారు" అన్నారు. ఆయన వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమైంది? జ్వరమా? ఆగవే, ఏమైందో చెప్పు."

నడుస్తూనే గుప్పిట విప్పాను. లేతు మేస్త్రికి రెండు గిన్నెల కొలత ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పక్కన నా అడుగులతో పాటు వినబడుతున్న ఆయన అడుగులు ఆగిపోయాయి. నేను ఆగలేదు. కాసేపటికి మళ్ళీ వినబడ్డాయి. కేంద్రం మెట్ల దగ్గర పిల్లని నా చేతుల్లోంచి తీసుకుందామని చేతులు చాపి, ఏమనుకున్నాడో, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

నర్సమ్మ గువ్వ బట్టలు విప్పించి కాటా తొట్టిలో పడుకోబెట్టింది. అంకె చూసింది. కార్డులో పాత అంకె చూసింది. పిల్లని తీసి, కాటాని సున్నాకి తెచ్చి మళ్ళీ పెట్టింది. ఆ రెండోసారి పెట్టడం నేను ఇప్పటికీ కలలో చూస్తాను.

"ఏం పడుతున్నారమ్మా?"

చెప్పాను. రెండు చెంచాలు బల్ల మీద పెట్టాను. నర్సమ్మ మమ్మల్ని తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను, తిట్టకపోయేసరికి ఇంకా భయమేసింది. డాక్టరు వచ్చి మాడు మీద మెత్తటి చోటు తడిమాడు, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలాడు, వేలు చూపించి అటూ ఇటూ తిప్పాడు. గువ్వ కళ్ళు ఆ వేలి వెంట కదిలాయి.

మా ఆయన అప్పుడు నోరు తెరిచాడు. "ఇప్పుడు చెంచాలు రెట్టింపు వేసి పడితే, ఈ ఇరవై రోజులదీ పూడిపోతుందా అండీ?"

"వద్దు" అంది నర్సమ్మ గట్టిగా. "ఆ పని చేస్తే ఈసారి ఇంతకన్నా పెద్ద ప్రమాదం. చిక్కటి పాలు ఈ వయసు పిల్ల తట్టుకోలేదు. అట్ట మీద ఎలా ఉందో అలాగే, ఆ చెంచాతోనే, గీసి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నీ పాలు ఎన్నిసార్లు ఇవ్వగలిగితే అన్నిసార్లివ్వు. వారం తర్వాత తీసుకురండి."

"మరి దానికి ఏమీ మిగిలిపోదుగా? పెద్దయ్యాక?" అన్నాను.

డాక్టరు కార్డు మీద ఏదో రాస్తూ, "బాగానే చూస్తోంది, మనుషుల్ని పోల్చుకుంటోంది. బరువు ఎక్కనివ్వండి, చూద్దాం" అన్నాడు. ఆ చివరి మాట పట్టుకుని వారం రోజులు గడిపాను.

డబ్బాలో మిగిలిన పొడి అయ్యాక వెల్డరు భార్య తెచ్చిపెట్టిన కొత్త పసుపు పెట్టె తెరిచి, ఈసారి పొడిని దాంట్లోనే ఉంచాను. చిన్న చెంచాని మా ఆయన విరిచి పారేశాడు. షెడ్డుకి కబురు పంపి మానేశాను, తూకం అక్క బతిమాలి నా చోటు ఆపి ఉంచింది. ఆ వారమంతా పాలు నేనే కలిపాను, ఎందుకంటే ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోలేదు. సీసా కడగడానికి కూడా అత్తయ్య చెయ్యి రాలేదు. "నాకు పని చెప్పు, ఇంకేదైనా చెప్పు. అది మాత్రం వద్దు" అనేది. పిల్ల ఏడిస్తే ఎత్తుకునేది, సీసా కనబడగానే నా ఒళ్ళో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయేది. మా ఆయన టెంటుకి వెళ్ళడం మానేశాడు, బజారుకీ వెళ్ళలేదు. నేను చెంచా గీస్తుంటే పక్కన నిలబడి ఊపిరి బిగబట్టేవాడు. ఒకసారి, "మళ్ళీ గీయి, మధ్యలో గుంట ఉంది" అన్నాడు. ఇంకోసారి సీసాలో నీళ్ళు పారబోయించి మొదటి నుంచి కొలిపించాడు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో నేనొక్కదాన్నే పెట్టుకున్న భయం ఇప్పుడు ముగ్గురికీ వచ్చింది. ముగ్గురం భయపడుతుంటే పిల్లకి పాలు ఆలస్యమయ్యేవి, చల్లారిపోయేవి.

వారం తర్వాత కాటా మీద పెట్టినప్పుడు ముగ్గురం వెళ్ళాం. అత్తయ్య లోపలికి రాలేదు. నర్సమ్మ అంకె చూసి, "నూట ఎనభై గ్రాములు ఎక్కింది. మంచిదే. కానీ ఇంకా నెల రోజులు ఇలాగే వారం వారం రావాలి" అంది. మా ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. నేను బయటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ తల ఊపింది, ఏడవలేదు.

ఆ సాయంత్రమే వెల్డరు భార్య కబురు తెచ్చింది. రేపు రాకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. సమ్మె ఇంకా తేలలేదు. పసుపు పెట్టె అడుగు కనబడుతోంది, ఇప్పుడది ఆరు రోజులే వస్తుంది, ఆరు రోజులే రావాలి.

"వెళ్ళకపోతే కుదరదు" అన్నాను మా ఆయనతో. "రేపటి నుంచి పాలు మీరు కలపాలి."

"నేనా?"

"అత్తయ్య చేతిలో పెట్టి ఆవిడ ప్రాణం తియ్యలేను. మీరే."

"నా లెక్కకే కదే పిల్ల ఇలా అయింది."

కాదని చెప్పలేను, అవునని ఎలా చెప్పను? "రేపు పొద్దున్న ఒకసారి నా ముందు కలపండి" అన్నాను.

పొద్దున్న గువ్వకి పాలిచ్చి, జడ వేసుకుని సిద్ధమయ్యేసరికి ఆయన వంటింట్లో అన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు పోశాడు, గీత దగ్గర కంటికి ఆనించి చూశాడు. చెంచా ముంచాడు, స్టీలు స్కేలు అంచుతో గీశాడు. వెంట్రుకంత తేడా పట్టే చెయ్యి అది. అయినా పొడి కొంచెం బల్ల మీద పడింది. తీసి మళ్ళీ ముంచాడు. రెండోది పోశాడు. మూత బిగించి కలిపి నా వైపు చాచాడు.

"చూడు."

చూడాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. తీసుకుని వెలుతురుకి పెట్టి, చేతిలో తూచి, మణికట్టు మీద చుక్క వేసి, మళ్ళీ అన్నీ మొదటి నుంచి కొలవాలని ఉంది.

"మీరు చూశారుగా" అన్నాను. చెప్పులేసుకుని బయటికొచ్చాను.

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోదామనుకున్నాను. నాలుగడుగులు కూడా పోలేకపోయాను. వీధిలోంచి మా కిటికీలో ఆయన కనబడుతున్నాడు. ఒక చేతిలో గువ్వ. ఇంకో చేత్తో సీసాని ఎండకి ఎత్తి పట్టుకుని ఆ గీతలు లెక్కపెడుతున్నాడు. పూర్తయ్యాక మళ్ళీ మొదటి గీత దగ్గరికి వస్తున్నాడు. గువ్వ వేళ్ళు చాపి సీసా కోసం లాగుతోంది. అందితే వదలడం లేదు, ఆయనా వదలడం లేదు.

నేను కిటికీ కిందకి వెళ్ళి నిలబడ్డాను.

"ఏవండీ" అన్నాను. "ఇచ్చెయ్యండి."

ఇచ్చాడు. నేను షెడ్డుకి నడిచాను.